పూడికమ్మ పుట్టింటికి వెళ్ళింది

మహారాజశ్రీ పూడికతీత అధికారి గారి దివ్యసముఖానికి, హైదరాబాద్‌లో ఒకానొక నాలా పక్కన ఇల్లు కొనుక్కున్నవాడు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా,

మే నెలలో తమరు పంపిన జేసీబీ వచ్చి, మా నాలాలోంచి పూడిక తోడి గట్టు మీద కుప్ప పోసింది. ఫొటోలు తీసుకున్నారు. ఎండాక ఎత్తుకుపోతామన్నారు. అది ఎండింది, బీటలు వారింది, పిల్లలు క్రికెట్ ఆడుతూ దాని మీద అంపైర్‌ని కూడా కూర్చోబెట్టారు. లారీ మాత్రం రాలేదు. ఇంతలో ఆషాఢం వచ్చింది, మంచి వాన పడింది. కొత్త కోడలు అత్తారింట ఉండకూడని నెల కదా, పూడికమ్మ గట్టు దిగి పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఉత్త చేతులతో కూడా వెళ్ళలేదండీ, సారెతో వెళ్ళింది. మెకానిక్ షెడ్డు ముందు ఎండాకాలమంతా కారిన ఇంజనాయిలు, చికెన్ కొట్టు ఈకలు, బజ్జీల బండి వాడు పారబోసిన నూనె, రోడ్డు మీద అరిగిన టైర్ల నుసి, పేడ, గుట్కా పొట్లాలు. నెలల తరబడి పేరుకున్న మురికినంతా తొలి వానే ఊడ్చుకుపోతుంది. అందుకే ఆ నీళ్ళు మురుగుకి పెద్దగా తీసిపోవు. దారిలో వాటిని శుభ్రం చేసే ఏర్పాటేమీ లేదు, నాలా ఎటు వెళితే అటే. మా నాలా హుస్సేన్ సాగర్‌కి వెళుతుంది. పదహారో శతాబ్దంలో కట్టిన ఆ చెరువు నీళ్ళు ఒకప్పుడు ఊరు తాగింది. ఇప్పుడు మనం ట్యాంక్‌బండ్ మీద ముక్కు మూసుకుని ఐస్‌క్రీం తింటున్నాం.

తప్పంతా తమదే అంటే కళ్ళు పోతాయి. మా అపార్ట్‌మెంట్ డాబా మీది వాన గొట్టం ఎక్కడ తేలుతుందో మొన్ననే కనుక్కున్నాను: నేరుగా డ్రైనేజీ లైన్లో. రెండు వందల గజాల డాబా మీద రెండు సెంటీమీటర్ల వాన పడితే 3,300 లీటర్ల పైమాటే. వంటింటికీ బాత్రూమ్‌కీ సరిపడా వేసిన గొట్టం పాపం ఎంతని మింగుతుంది? వీధిలో మ్యాన్‌హోల్ మూత లేపి కక్కేస్తుంది. అటు పక్క వీధి వాళ్ళేమో ఇంటి మురుగును వాన నాలాలోకి వదిలారు. మా వాన వాళ్ళ మురుగు లైనుకి, వాళ్ళ మురుగు మా వాన నాలాకి. కుండమార్పిడి పెళ్ళన్నమాట.

ఇంకుడు గుంత కూడా ఉందండోయ్. అనుమతి కోసం తవ్వాం. తనిఖీ వారు చూసి వెళ్ళిన వారానికి పైన టైల్స్ వేయించాం. ఇప్పుడక్కడ మా సెక్రటరీ గారు కారు పెట్టుకుంటారు.

1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. నీటిని ఊళ్ళోంచి తరిమేద్దామని ఆయన అనలేదు, ఎగువనే పట్టి ఆపమన్నారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ అలా వచ్చాయి. వరద ఆపడానికి కట్టినవే ఊరి దాహమూ తీర్చాయి. మనం ఆ లెక్క తిరగేశాం. నీళ్ళు ఆగాల్సిన గొలుసుకట్టు చెరువుల్లో ప్లాట్లు వేసి, నీళ్ళు పారే నాలాకి రెండు పక్కలా కాంక్రీటు గోడలు కట్టి, త్వరగా పొమ్మంటున్నాం. త్వరగానే పోతోంది, దిగువ బస్తీ వాళ్ళ వంటిళ్ళలోకి.

విన్నపాలు రెండే. గుత్తేదారుకి బిల్లు తోడిన పూడికకి కాకుండా, ఊరు దాటించిన పూడికకి ఇప్పించండి. మా ఇంకుడు గుంత మీది టైల్స్ పీకడానికి యూనిఫాం వేసుకున్న వాళ్ళనెవరినైనా పంపండి, నేను చెబితే సెక్రటరీ గారు వినరు.

అన్నట్టు, వానకి కొట్టుకుపోగా గట్టు మీద మిగిలిన కుప్పలో రెండు టమాటా మొక్కలు మొలిచాయి. ఈ ఏడాది తమరు నాటించిన మొక్కల లెక్కలో వీటిని కూడా వేసుకోగలరు.

ఇట్లు
నాలా పక్కింటివాడు