పెంచాలయ్యా, ఏం పెంచాలయ్యా?

అపార్ నంబరు కావాలంటే బడి రిజిస్టర్లో పేరూ ఆధార్‌లో పేరూ ఒక్కలాగే ఉండాలన్న దగ్గర్నుంచీ మా నెల్లూరు పక్క పంతుళ్ళకు పాఠం చెప్పే తీరిక లేదు. ఒకే దేశం, ఒకే విద్యార్థి, ఒకే 12 అంకెల నంబరు. బాగుంది. ఆ ఒకే విద్యార్థికి పేర్లు మాత్రం రెండున్నాయి. అమ్మానాన్నలు పెట్టిందొకటి, కంప్యూటరు పెట్టిందొకటి. ఏది చెల్లుతుందో వేరే చెప్పాలా?

ఆత్మకూరు, అనంతసాగరం, ఉదయగిరి పక్క ఏ ఊళ్ళో నిలబడి "పెంచలయ్యా" అని కేకేసినా నలుగురు వెనక్కి తిరుగుతారు. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టినవాళ్ళు. ఇక పెంచలమ్మలు, పెంచల రెడ్లు, పెంచల నాయుళ్ళకు లెక్కే లేదు. పుచ్చలపల్లి పెంచలయ్యగారు ఈ పేరుతోనే నెల్లూరు నుంచి లోక్‌సభకు వెళ్ళారు. అక్కడ ఎలా పలికారో స్పీకరుకే ఎరుక. ఇప్పుడీ పేరును ముందు ఇంగ్లీషులో కొట్టాలి, దాన్ని యంత్రం మళ్ళీ తెలుగులోకి దింపాలి. ఇంగ్లీషు 'ఏ'కి పొట్టీ పొడుగూ పట్టింపు లేదాయె. ఈమధ్య ఒక ఆధార్ కార్డు చూశాను. ఇంగ్లీషు సరిగ్గానే ఉంది. తెలుగులో, నల్లగా, స్పష్టంగా: పెంచాలయ్య.

అచ్చుతప్పు అనుకున్నాను. కాదు, డిమాండు.

అంటే రికార్డుల ప్రకారం నెల్లూరు జిల్లా పడమటి మండలాలన్నీ నిరవధిక ఆందోళనలో ఉన్నట్టు. టెంటు లేదు, జెండా లేదు, మైకు లేదు. పొద్దున్నే పంతులు హాజరు పిలవడంతోనే నినాదాలు మొదలు. పెంచాలమ్మలు కూడా బాగానే ఉన్నారు కాబట్టి మహిళా విభాగం బలంగా ఉందని పైకి రిపోర్టు వెళ్ళే ఉంటుంది.

సోమవారం అర్జీల రోజు గుమాస్తా "పెంచాలయ్యా!" అని పిలుస్తాడు. లైన్లో ఉన్న పెద్దాయన "ఏం పెంచాలన్నా? ముందు నా పొలం కొలతలు చూడు" అంటాడు. గుమాస్తా రాసుకుంటాడు: అర్జీదారు పెంచాలంటున్నాడు, ఏమి పెంచాలో చెప్పలేకున్నాడు, ఆర్థిక శాఖకు పంపడమైనది. సాయంత్రానికల్లా ఫోన్లో మెసేజీ: మీ సమస్య పరిష్కరించబడింది.

ఇంతమందిని కూడగట్టిన నాయకుడెవరని ఆరా తీస్తే కోనలో దొరుకుతాడు, పెంచాల నరసింహస్వామి. చెంచులక్ష్మితో కాపురముంటున్న పెద్దమనిషి, పాత కేసులేమీ లేవు, హిరణ్యకశిపుడిది తప్ప. ఆయన డిమాండు మాత్రం తక్షణం ఆమోదిస్తారు. దర్శనం టికెట్టు పెంచడం ఎంతసేపు?

అసలు యంత్రం పొరపాటున నిజం కక్కిందేమో కూడా. 78 టీఎంసీల సోమశిలను పక్కన పెట్టుకుని, హైలెవల్ కాలువ ఎప్పుడు పూర్తవుతుందా అని చూసే మెట్టలో పెంచాల్సినవి ఒకటా రెండా? నీళ్ళు పెంచాల, కూలి పెంచాల, నిమ్మకాయ ధర పెంచాల. మేం ఇన్నేళ్ళు చెప్పినా వినని సర్కారు, మా పేర్లలో తానే రాసిపెట్టుకుంది. సంతోషించాలి గదా?

సంతోషం రావడం లేదు. పెంచలయ్య ఒక్కడే కాదు. కసుమూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టిన హిందువుల బిడ్డ మస్తానయ్య. నర్రవాడ వెంగమాంబ పేరంటాలికి మొక్కుకుంటే దక్కిన ఆడపిల్ల వెంగమ్మ. బిడ్డ బతికిందని పెట్టుకున్న పేర్లివి. ఎవరో తల ఎత్తకుండా, "ఏమ్మా, ఇట్నేనా?" అని ఒక్క మాట అడక్కుండా కొట్టిపారేస్తే, దిద్దుకోవాల్సింది ఆ తల్లి. రుసుం కట్టాలి. మర్రిపాడు నుంచో వింజమూరు నుంచో బస్సు చార్జీ, ఒకరోజు కూలి. సర్వర్ పనిచెయ్యకపోతే ఇంకో రోజు కూలి. పుట్టిన సర్టిఫికెట్ లేదంటే దానికోసం మళ్ళీ తిరుగుడు. పైగా ఆధార్‌లో పేరు మార్చుకోవడం జన్మకు రెండుసార్లేనట! తప్పు రాయడానికి మాత్రం ఏ పరిమితీ పెట్టలేదు. 2010లో మొదలైంది ఆధార్. ఇన్నేళ్ళయినా మా పేర్లు పలకడం రాలేదంటే అది చేతగానితనం కాదు, లెక్కలేనితనం. పెద్దవాళ్ళ పేర్లు శిలాఫలకాల మీద వేసేటప్పుడు ఒక్క దీర్ఘం తప్పనియ్యండి చూద్దాం, ఎన్ని సస్పెన్షన్లు అవుతాయో.

"ఆధార్‌లో ఎట్లుంటే బళ్ళో అట్లే మార్చుకోమ్మా, గొడవ వదిలిపోతుంది" అని సలహాలిస్తున్నారు. సిగ్గుండాలి. యంత్రం తప్పు చదివిందని పిల్లోడి పేరు మార్చేస్తారా?

అధికారులకు చెప్పేదొకటే. మిషను తీసుకుని బడి దగ్గరికే రండి, రుసుం తీసుకోకండి, తల్లికి చదివి వినిపించి అప్పుడు బటన్ నొక్కండి. ఈలోగా తల్లిదండ్రులకో మాట: బడి రిజిస్టర్లో పేరు సరిగ్గా ఉంటే ఎవరెంత తొందరపెట్టినా దిద్దనివ్వకండి. రేపు అసలు పేరు ఇదని చూపించడానికి చేతిలో ఉండే రుజువు అదే.