పాయింట్ల తీరం

నెల్లూరా, ప్రకాశమా, చిత్తూరా? ప్రభుత్వ టీచరు ఉద్యోగాల కోసం డీఎస్సీ రాసే అభ్యర్థికి పెళ్లిసంబంధం కన్నా పెద్ద ప్రశ్న ఇది. సంబంధం కుదరకపోతే మూఢం పోయాక ఇంకోటి వస్తుంది. జిల్లా కుదరకపోతే ఇంకో డీఎస్సీ రావాలి. 2018 నాటిది ముగిశాక ఇంకోటి జరగడానికి 2025 దాకా పట్టింది. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో ఒక నోటిఫికేషన్ పుట్టి, పరీక్ష మొహం చూడకుండానే పోయింది. చివరికి 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. మూడు లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలు అందుకున్నవాళ్లు పిల్లలకు లెక్కలు నేర్పినా నేర్పకపోయినా, ఎదురుచూడటం మాత్రం బ్రహ్మాండంగా నేర్పగలరు.

ఇక వచ్చేసారి ఫారం నింపబోయే వాళ్లకు నెల్లూరు సముద్రపు ఒడ్డు నుంచి కొన్ని సలహాలు. ఫీజు లేదు. కోచింగ్ సెంటర్లో ఇవి చెప్పరు.

మొదటిది: జిల్లాను మీరే ఎంచుకుంటున్నారన్న భ్రమ వదిలేయండి. ఆ పని మీకు పన్నెండేళ్లప్పుడే మీ నాయన చేసేశాడు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం పదో తరగతితో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివారో అక్కడే మీరు లోకల్. ఎక్కడ పుట్టారు, పొలం ఎక్కడుంది, ఓటెక్కడుంది అనేవి దానికి అక్కర్లేదు. తడ పిల్లవాణ్ణి మేనమామ ఇంట ఉంచి ఒంగోలులో చదివిస్తే వాడు ప్రకాశం వాడు. హాస్టలుకు బస్సెక్కించిన ఆ నాయనకు తన కొడుకు మెరిట్ జాబితా మీద సంతకం పెడుతున్నానని తెలియదు పాపం.

రెండోది: గోడ మీది మ్యాపు చింపేయండి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో పడ్డాయి. కందుకూరు ప్రకాశాన్ని వదిలి నెల్లూరులోకి వచ్చింది. ఈ కబురు డీఎస్సీకి మాత్రం అందలేదు. మూడేళ్ల తర్వాత జరిగిన మెగా డీఎస్సీలోనూ పోస్టుల లెక్క పాత 13 జిల్లాలదే. అందుకని తడ అభ్యర్థి కలెక్టరుకు తిరుపతి వాడు, డీఎస్సీకి నెల్లూరు వాడు. ఉలవపాడు అభ్యర్థి అర్జీ ఇవ్వడానికి నెల్లూరు, ఉద్యోగం అడగడానికి ఒంగోలు పోవాల్సి వచ్చింది. కందుకూరు కథ ఇంకా ఘనం. 1970 దాకా అది నెల్లూరు జిల్లా. ఆ ఏడు ఒంగోలు జిల్లా పుడితే అటు పోయింది. యాభై రెండేళ్లకు ఇటు వచ్చింది. 2025 చివర్లో ఆ గీతలను మళ్లీ దిద్దే పని మొదలైంది. ఒక్క దరఖాస్తు పెట్టకుండా, ఒక్క నాయకుడి గడప తొక్కకుండా అంతర్ జిల్లా బదిలీ దక్కించుకున్నవాడు ఎవరయ్యా అంటే కందుకూరు వాడు.

మూడోది: పోస్టులెక్కువున్న జిల్లా చూసి పరుగెత్తకండి. మెగా డీఎస్సీలో కర్నూలుకు 2,600 పైచిలుకు పోస్టులొచ్చాయి. నెల్లూరుకు అందులో నాలుగో వంతు, ప్రకాశానికి అంతకన్నా కొంచెం తక్కువ. లెక్కలు రానివాడు కూడా కర్నూలు బస్సెక్కుతాడు. కానీ పోస్టుల్లో 80 శాతం అక్కడి లోకల్ వాళ్లవి. మిగిలిన 20 శాతం బయటివాళ్ల కోటా అని ఊళ్లో అందరూ అంటారు. కాదు. అది ఓపెన్. అందులోనూ అక్కడి మెరిట్ వాడు ముందే కూర్చుని ఉంటాడు. వాడు లేచాక సీటు మిగిలితే అప్పుడు మీరు.

నాలుగోది: పక్క జిల్లాలో చేరి, మెల్లగా సొంత జిల్లాకు రావచ్చులే అని మీ పెదనాన్న చెబుతాడు. రావచ్చు. భార్యాభర్తల కారణం మీదో, పరస్పర బదిలీ మీదో, ప్రభుత్వానికి మనసైన ఏడు రావచ్చు. అయితే వచ్చేటప్పుడు సీనియారిటీ సరిహద్దు దగ్గర దించి రావాలి. పదిహేనేళ్లు పాఠం చెప్పినవాడు కొత్త జిల్లా జాబితాలో నిన్న చేరిన పిల్లవాడి వెనక నిలబడతాడు. ప్రమోషన్ వచ్చేసరికి పెన్షన్ కాగితాలు వస్తాయి. పెదనాన్న ఈ ముక్క చెప్పడు.

ఇవన్నీ దాటి నెల్లూరు జిల్లానే వచ్చిందనుకోండి. ఇప్పుడు బడి ఎంచుకోవాలి. వెబ్ ఆప్షన్లు పెట్టే రాత్రి అభ్యర్థి ఇంట్లో జరిగే చర్చ వినండి. ఆ బడిలో పిల్లలెందరు, ఏ తరగతికి అయ్యవారు లేడు, చదవడం రానివాళ్లెందరు అనే మాట ఒక్కటీ వినపడదు. వినపడేవి వేరు. హైవేకి ఎంత దూరం? నెల్లూరు నుంచి షేర్ ఆటో ఉందా? మెమూ రైలు ఎన్నింటికి? మన ఊరి వాళ్లెవరైనా అటు కారేసుకుని పోతున్నారా, పెట్రోలు పంచుకోవచ్చా? కేటగిరీ ఎంత? పాయింట్లు ఎన్ని?

పాయింట్లు! మన విద్యావ్యవస్థ కనిపెట్టిన మహాయంత్రం ఇదే. బడి ఉన్న చోటికి ఇంటద్దె భత్యం ఎంతో చూసి కేటగిరీ కడతారు. 16 శాతం, ఆపైన వచ్చే చోటు కేటగిరీ 1, ఏడాదికి 1 పాయింటు. 12 శాతం వచ్చే కావలి, గూడూరు లాంటి పట్నాలు కేటగిరీ 2, ఏడాదికి 2. 10 శాతం పల్లెలు కేటగిరీ 3, ఏడాదికి 3. ఏ కాలంలోనైనా నడిచే రోడ్డు లేని ఊరు కేటగిరీ 4, ఏడాదికి 5. ఈ పాయింట్లు కూడబెట్టుకుని బదిలీల నాడు బయటపెడితే పట్నానికి దగ్గర బడి దక్కుతుంది.

మళ్లీ చదవండి. దూరపు బడిలో పనిచేసినందుకు ప్రభుత్వమిచ్చే బహుమానం, ఆ బడిని వదిలిపోయే హక్కు. ఎంత కష్టమైన బడి అయితే అంత తొందరగా వదలొచ్చు. ఇంతకన్నా పకడ్బందీగా ఒక బడిని ఖాళీ చేయించే పథకం శత్రుదేశం వాడికి కూడా తట్టదు.

డబ్బు సంగతీ చూద్దాం. 2022 వేతన సవరణ ప్రకారం ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) మూలవేతనం 32,670 రూపాయలు. నెల్లూరు నగరంలో ఉంటే ఇంటద్దె భత్యం 16 శాతం, అంటే 5,227. సముద్రపు ఒడ్డు పల్లెలో అయితే 10 శాతం, 3,267. తేడా నెలకు 1,960. పట్నంలో అద్దెలెక్కువ కదా అంటారు ఆర్థిక శాఖ వాళ్లు. నిజమే. కానీ పట్టపుపాళెం లాంటి ఒడ్డు పల్లెలో అద్దెకు ఇల్లే దొరకదు. దొరకని ఇంటికి అద్దెలేముంటాయిలే అన్నది వాళ్ల లెక్క. పల్లెలో బడి, నెల్లూరులో కాపురం. రోజూ రానూపోనూ ఛార్జీలు టీచరమ్మవి, ఆటో తిరగబడితే ఆమె ఖర్మ.

కేటగిరీ 4 అంటే ఏమిటో తెలియాలంటే పులికాట్ సరస్సుకు పోండి. తడ మండలంలో ఇరకం దీవి ఉంది. భీమునివారిపాళెం రేవు నుంచి పడవెక్కాలి. అటు పక్కనే శ్రీహరికోట నుంచి రాకెట్లు అంతరిక్షానికి పోతుంటాయి. ఇటు దీవికి వంతెన మాత్రం పోలేదు. గాలి ఎదురైతే పడవ ఆలస్యమవుతుంది. హాజరు యాప్‌కు గాలి తెలియదు, నీళ్లు తెలియవు, మొహమొక్కటే తెలుసు. అది సమయానికి కనపడాలి.

ఇప్పుడు అసలు చమత్కారం చూడండి. ఇలాంటి ఊరికి వంతెన పడితే, రోడ్డు పడితే, ఆ బడి కేటగిరీ మారుతుంది. 5 పాయింట్లు 3 అవుతాయి. ఊరి జనం రోడ్డు కోసం గంగమ్మకు పొంగళ్లు పెడుతుంటే, ఊరి అయ్యవారు రోడ్డు రాకూడదని అదే గంగమ్మకు మొక్కుకోవాల్సిన పరిస్థితి. గ్రామాభివృద్ధికి, గురువు అభివృద్ధికి ఇంత చక్కగా పడకుండా చేసిన అధికారికి పద్మ పురస్కారం ఇవ్వొచ్చు.

టీచర్లను తిట్టడం సులభం. టీవీ వాళ్లు రోజూ చేస్తున్న పనే అది. పిల్లల్ని పట్నంలో చదివించుకోవాలని, ముసలి తల్లిదండ్రులకు ఆసుపత్రి దగ్గరగా ఉండాలని ఆశపడటం నేరమైతే, సెక్రటేరియట్లో ఉన్నవాళ్లంతా ముందు జైలుకు పోవాలి. వాళ్లకిచ్చే ఇంటద్దె భత్యం 24 శాతం. పాయింట్లు వాళ్లకు లేవు. వదిలిపోవాలనిపించే చోట వాళ్లను వెయ్యరు కనక అక్కర్లేదు.

నష్టమెవరిదో చెప్పనా? ఒడ్డున పిల్లవాడిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ తర్వాత నాన్న పడవ ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో దాన్నిబట్టి వాడి హాజరు. యానాది పిల్లలు రొయ్యల గుంటల కాపలాకు అమ్మానాన్నలతో పోతే బడికి కొన్నాళ్లు కనపడరు. తడ వైపు కొన్ని పాళేల్లో ఇంట్లో మాట అరవం, పుస్తకంలో మాట తెలుగు. ఇవన్నీ తెలుసుకుని, ఏ పిల్లవాడు ఎందుకు రాలేదో అడగకుండానే చెప్పగలిగే దశకు రావడానికి టీచరుకు రెండేళ్లు పడుతుంది. సరిగ్గా రెండేళ్లకే ఆమె బదిలీకి అర్హురాలవుతుంది. ఆమె పాయింట్లతో పోతుంది. కొత్తగా ఇంకొకరు సున్నా పాయింట్లతో వస్తారు. పిల్లవాడు మళ్లీ తన పేరు చెప్పుకుంటాడు. వాడికి పదో తరగతి వచ్చేసరికి తన పేరు చెప్పడంలో మంచి అనుభవం వస్తుంది.

మార్గం లేదా? ఉంది, అందుకే ఎవరూ అటు పోరు. దూరపు బడికి పాయింట్లు కాదు, డబ్బివ్వండి. అదీ ఉన్నన్నాళ్లే. ఎన్నేళ్లుంటే అంత పెంచండి. ఇరకం బడిలో అయిదేళ్లున్న టీచరు జీతం నెల్లూరు మాగుంట లేఅవుట్లో ఉన్న టీచరు జీతం కన్నా ఎక్కువ కావాలి. పాళెంలో రెండు గదుల క్వార్టరు కట్టండి. అక్కడే ఉంటానన్నవాళ్లకు ప్రమోషన్‌లో ముందు వరస ఇవ్వండి. ఇది చేయడానికి రాష్ట్రపతి ఉత్తర్వు మార్చక్కర్లేదు, జిల్లా గీతలు జరపక్కర్లేదు. ఇంటద్దె భత్యం పట్టికను తలకిందులు చేస్తే చాలు.

అది జరిగేదాకా వచ్చే డీఎస్సీ అభ్యర్థులకు చివరి సలహా: నెల్లూరైనా, ప్రకాశమైనా, చిత్తూరైనా ఒకటే. మీరు ఏ జిల్లా ఎంచుకున్నా, బడిలో చేరిన రోజే ఆ బడి నుంచి పోయే దారి మీకు నేర్పుతారు. మీ ఉద్యోగ జీవితంలో ప్రభుత్వం శ్రద్ధగా చెప్పే పాఠం అదొక్కటే. బాగా నేర్చుకోండి, పరీక్షలో అదే వస్తుంది.