నేను హాంకాక్ గారి భోషాణాన్ని

నేనొక భోషాణాన్ని. బోస్టన్ వర్తకుడు జాన్ హాంకాక్ గారి కాగితాలకు కాపలా ఉన్నదాన్ని. వర్తకంలో సంతకమే ప్రాణం. పత్రం కింద పేరు రాశాక, ఇల్లు అమ్ముకునైనా బాకీ తీర్చాలి. మా అయ్యగారు ఆ కట్టుబాటులోనే పెరిగారు.

ఆయన 1737లో పుట్టారు. ఏడేళ్లకే తండ్రి పోతే బాబాయి థామస్ హాంకాక్ చేరదీశారు. 1764లో ఆయనా కన్నుమూయడంతో ఓడలు, గిడ్డంగులు, బీకన్ హిల్ మీది భవనం ఇరవై ఏడేళ్ల మా అయ్యగారి చేతికొచ్చాయి. బాబాయి ఇంట బానిసలూ ఉండేవారు. స్వేచ్ఛ కోసం లేచిన ఆ వంశానికి అది చెరగని మచ్చ.

మరుసటి ఏడే స్టాంపు చట్టం వచ్చింది. మా ప్రతినిధులు లేని బ్రిటిష్ పార్లమెంటు మా కాలనీల మీద పన్ను వేయడమేమిటని వర్తకులు బ్రిటిష్ సరుకు మానేశారు, అయ్యగారూ వాళ్లతో నిలిచారు. 1766లో జనం ఆయన్ని మసాచుసెట్స్ శాసనసభకు పంపారు. 1768 జూన్ 10న సుంకం అధికారులు ఆయన ఓడ ‘లిబర్టీ’ని పట్టుకున్నారు. మదీరా ద్రాక్షసారాయి సుంకం కట్టకుండా దింపారన్నది అభియోగం. ఊరు భగ్గుమంది. కేసు చివరికి వీగిపోయింది గానీ ఓడ తిరిగి రాలేదు.

1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున నేను లెక్సింగ్టన్‌లో, బక్‌మన్ సత్రం మేడమీద ఉన్నాను. బ్రిటిష్ సైన్యం వస్తోందని పాల్ రెవియర్ ముందే హెచ్చరించడంతో అయ్యగారు ఊరు దాటారు. గుమాస్తా జాన్ లోవెల్, రెవియర్ నాకోసం వచ్చారు. కిటికీలోంచి చూస్తే ఎర్రకోట్ల సిపాయిలు దగ్గరకొచ్చేశారు. ఇద్దరూ నన్ను ఎత్తుకుని, బారులు తీరిన ఊరి దళం మధ్య నుంచే పరుగు తీశారు. వెనక తుపాకులు పేలాయి. ఆ పొద్దు ఎనిమిది మంది నేలకొరిగారు. నేను సిపాయిలకు చిక్కి ఉంటే ఎవరెవరు ఏమేం రాసుకున్నారో బ్రిటిష్ గవర్నర్ గేజ్‌కు తెలిసిపోయేది. ఆ జూన్‌లో ఆయుధం దించినవాళ్లకు గేజ్ క్షమాభిక్ష ప్రకటించాడు, ఇద్దరికి తప్ప: ఉద్యమ నాయకుడు సామ్యూల్ ఆడమ్స్, మా అయ్యగారు.

అప్పటికే అయ్యగారు ఫిలడెల్ఫియాలో కాలనీల ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్‌కు అధ్యక్షులు. 1776 జూలైలో స్వాతంత్ర్య ప్రకటనను తొలిసారి అచ్చువేసినప్పుడు సభ్యులందరిలో ఆయన పేరొక్కటే కనిపించింది. దాని కింద సాక్షిగా కార్యదర్శి చార్లెస్ థామ్సన్ పేరు. మిగతా పేర్లు అచ్చులో జనానికి తెలిసింది 1777లో. అన్నాళ్లూ రాజద్రోహానికి బహిరంగంగా పూచీ పడింది ఆయనే. 1780లో మసాచుసెట్స్ ప్రజలు ఆయన్ని గవర్నర్‌గా ఎన్నుకున్నారు. 1793లో ఆ పదవిలోనే కన్నుమూశారు.

స్వాతంత్ర్య ప్రకటన మీద ఆయన చేసిన సంతకం ఎంత పెద్దదో, ఎంత అందమైనదో అని ఇప్పటికీ లోకం చెప్పుకుంటుంది. ఆయన కాగితాలు మోసిన నేను మాత్రం దాని బరువు చెబుతాను. పూచీ పడితే ఏం పోతుందో ఆ కాలనీల్లో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు కొద్దిమందే. అంతా తెలిసే రాశారు.