తల కింద కుంచం

పెండ్లి ఇంకో నెలుందనగా బెంగళూరు నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామా, ఐ యామ్ ఇన్ ఓవర్ మై హెడ్" అన్నాడు. తలలో పేలు పడ్డాయేమో, కొండకు తీసుకుపోయి గుండు కొట్టిస్తే సరిపోతుందనుకున్నా. తర్వాత తెలిసింది, అది ఇంగ్లీషువాళ్ళ నీళ్ళ లెక్క. వాళ్ళు తలదాకా మునుగుతారు. మనం పీకల్లోతు దగ్గర ఆగిపోతాం. ఇంకో అప్పు అడగాలంటే నోరు పైనుండాలి కదా!

"నువ్వు ఇచ్చేదేం లేదు మామా, పక్కన నిలబడితే చాలు" అన్నాడు. నిలబడ్డాను. కల్యాణమండపం వాళ్ళ ముందు నిలబడ్డాను, వంటాయన ముందు నిలబడ్డాను. ఫైనాన్సు ఆఫీసులో మాత్రం కుర్చీ వేశారు, సంతకం పెట్టాలి కాబట్టి.

"ఎవురి పెండ్లికి ఎవురు మునగతా ఉండారు?" అనింది మా ఆవిడ.

తిరపతిలో పుట్టి ఆ మాట పడతానా? నారాయణవనంలో ఆకాశరాజు కూతుర్ని చేసుకోడానికి శ్రీనివాసుడంతటివాడే కుబేరుడి దగ్గర చెయ్యి చాచాడని స్థలపురాణం చెబుతుంది. బ్రహ్మ, శివుడు సాక్షులు. గడువు కలియుగాంతం. కలియుగమంటే 4,32,000 ఏళ్ళు, అందులో అయిపోయింది ఐదువేల చిల్లరే. వడ్డికాసులవాడన్న పేరు ఊరికే వచ్చిందా? ఇదంతా ఆవేశంగా చెప్పాను. మాకిచ్చిన గడువు ఆర్నెల్లన్నది మాత్రం మింగేశాను.

"ఆయనకు హుండీ ఉండాది. నీకేముండాది?" అనింది.

చెప్పులేసుకుని గోవిందరాజస్వామి గుడికి పోయాను. రామానుజులవారు 12వ శతాబ్దంలో ప్రతిష్ఠించారని పెద్దలు చెప్పే స్వామి. మా ఊరివాళ్ళకు మాత్రం ఆయన వెంకన్నకు అన్న. తమ్ముడి అప్పు తీర్చడానికి వచ్చిన సొమ్మంతా కుంచంతో కొలిచీ కొలిచీ, ఓపిక చచ్చి, ఆ కుంచమే తల కింద పెట్టుకుని పడుకున్నాడంటారు. పెండ్లి తమ్ముడిది, నడుంనొప్పి అన్నది! దర్శనానికి వచ్చినవాళ్ళు ఏం కోరుకున్నారో గానీ, నేను మాత్రం ఆ కుంచం వైపే చూస్తూ నిలబడ్డాను. వెనకాయన "జరగండి సామీ, జరగండి" అని తోసేదాకా.

బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే ఫోన్ మోగింది. షామియానా ఆయన.

"సార్, బ్యాలెన్సు గురించి... యాడుండారు?"

"గోవిందరాజులవారి గుడికాడ" అన్నాను. "పండుకోనుండా."