డాక్టరుగారి చేతులు

1935 మే నెల. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ ఊరు. టైర్ల ఫ్యాక్టరీల ఊరది. అక్కడి మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒక శనివారం న్యూయార్క్ మనిషి ఒకాయన పచార్లు చేస్తున్నాడు. పేరు బిల్ విల్సన్, స్టాక్ మార్కెట్ వ్యవహారాలు చూసేవాడు. తాగుడుకి బతుకంతా పోగొట్టుకుని, ఆస్పత్రిపాలై, కిందటి డిసెంబరు నుంచి చుక్క ముట్టకుండా ఉన్నాడు. కొండంత ఆశతో వచ్చిన పని బెడిసికొట్టింది. జేబులో పది డాలర్లకు అటూ ఇటూగా మిగిలాయి. లాబీకి ఒక చివర బారు, లోపల్నించి నవ్వులు. ఇంకో చివర టెలిఫోను, దాని దగ్గర ఊళ్లోని చర్చిల జాబితా.

ఆయన ఫోను దగ్గరికి నడిచాడు. ముందు ఒక పాస్టరుకి, తర్వాత ఆ పాస్టరు చెప్పినవాళ్లకి వరసగా ఫోన్లు చేశాడు. తాగుడు మానలేక అవస్థపడుతున్నవాడెవరైనా ఉంటే చెప్పండి, మాట్లాడాలి అని అడిగాడు. అలాంటివాడితో మాట్లాడకపోతే ఆ రాత్రి తనే మళ్లీ బార్లోకి వెళ్తానని ఆయన భయం.

చివరికి హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ దొరికింది. గుడ్‌ఇయర్ కంపెనీ పెట్టినాయన కోడలు. ఆవిడకు తెలిసిన సర్జన్ ఒకాయన ఉన్నాడు, డాక్టర్ బాబ్ స్మిత్. ఆయన మానాలని స్నేహితులంతా అప్పటికే ప్రార్థనలు చేస్తున్నారు. పంపించమని అడిగితే డాక్టరు భార్య యాన్ ఇవాళ కుదరదంది. మర్నాడు మదర్స్ డే అని ఆయన పూలకుండీ తెచ్చి బల్ల మీద పెట్టాడు, ఆ తర్వాత ఒళ్లు తెలియకుండా పడిపోయాడు.

మర్నాడు సాయంత్రం అయిదింటికి డాక్టరు బిల్‌ని కలవడానికి వచ్చాడు. పావుగంట కంటే ఎక్కువ కూర్చోబెట్టనని భార్య దగ్గర ముందే మాట తీసుకున్నాడు. లేచేసరికి రాత్రి పదకొండుంబావు. ఆ ఆరుగంటలూ బిల్ నీతులు చెప్పలేదు. తను ఎలా తాగాడో, ఎలా చెడ్డాడో చెప్పుకున్నాడు, నీ సాయం నాకు కావాలన్నాడు. తాగుడు గురించి డాక్టరు చదవని పుస్తకం లేదు, వినని హితబోధ లేదు. అనుభవించినవాడు ఎదురుగా కూర్చుని మాట్లాడటం మాత్రం అదే మొదలు.

తాగేవాడుంటే మన ఇళ్లలో ఏం చేస్తామో గుర్తు తెచ్చుకోండి. బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తాం. అయ్యప్ప మాల వేయిస్తాం, ఆ నలభై ఒక్క రోజులూ ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది, మాల తీసిన సాయంత్రం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాం. అతనికి తెలియకుండా అన్నంలో మాత్ర కలుపుతాం. అది తెలియక అతను తాగితే ప్రాణానికే ముప్పు. ఇంతా చేసి, తనలాంటి నలుగురి మధ్య కూర్చోబెట్టాలని మాత్రం మనకు తోచదు. వీళ్లిద్దరితో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగు అంటే అదే. హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, ఒట్టు పెట్టమనరు. మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉందాం అంటారు, రేపటి సంగతి రేపు. ఆ మాటకున్న బలం ఎన్ని ఒట్లకూ ఉండదని నేను నమ్ముతాను.

అయితే డాక్టరు ఆ రాత్రితో మారిపోలేదు. కొన్నాళ్లు బాగానే ఉన్నాడు. డాక్టర్ల మహాసభ ఉందని అట్లాంటిక్ సిటీకి బయల్దేరి, రైల్లోనే మొదలుపెట్టాడు. రోజుల తరబడి జాడ లేదు. తిరిగొచ్చాక చూస్తే మూడు రోజుల్లో ఆపరేషన్ ఉంది, అది ఆయనే చెయ్యాలి. అప్పటికి బిల్ వాళ్లింట్లోనే ఉంటున్నాడు. రాత్రీ పగలూ ఆయన మంచం దగ్గరే కాపలా ఉన్నాడు. ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు ఒక్కసారిగా ఆపితే తిరగబడుతుంది. వణుకు, చెమటలు, మూర్ఛలు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే ఇప్పుడు మానిన మొదటి రోజులు డాక్టర్ల పర్యవేక్షణలో గడవాలంటారు. ఇక్కడ వణుకుతున్న చేతులే కత్తి పట్టాలి.

ఆపరేషన్ రోజు తెల్లారింది. బిల్, యాన్ ఆయన్ను కారెక్కించి ఆస్పత్రి దగ్గర దింపి వచ్చారు. ఎంతోసేపటికి ఫోనొచ్చింది, ఆపరేషన్ బాగానే జరిగిందని. కానీ మనిషి ఇంటికి రాలేదు. గంటలు గడిచాయి. ఏ ఇల్లాలైనా ఏమనుకుంటుందో యాన్ కూడా అదే అనుకుని ఉంటుంది. చివరికి వచ్చాడు, తాగలేదు. అప్పులవాళ్ల దగ్గరికి, తను నొప్పించినవాళ్ల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరితో మాట్లాడి వచ్చానన్నాడు. 1950లో పోయేదాకా మళ్లీ ముట్టలేదు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది ఆ రోజునే; వాళ్ల ప్రకారం అది 1935 జూన్ 10. డాక్టర్ బాబ్ ఆఖరిసారి తాగిన రోజది. తాగింది ఒక్క సీసా బీరు, ఆస్పత్రికి వెళ్లే దారిలో, కత్తి పట్టే చేతులు నిలబడాలని.

ఆ సీసా ఆయన చేతికిచ్చింది బిల్.