ఎవరేం చదివారో చెప్పకపోవడమే మా మొదటి పాఠం

మా రోజుల్లో లైబ్రరీ సైన్సులో ‘సమాచార నైతికత’ అనే పేపరు లేదు. క్లాసిఫికేషన్ ఉండేది, కేటలాగింగ్ ఉండేది, రిఫరెన్స్ సర్వీసు, గ్రంథాలయ నిర్వహణ ఉండేవి. నీతిని విడిగా బోధించాలని మా గురువులకు తోచలేదు. మేం చేసే ప్రతి పనిలోనూ అది కలిసే ఉండేది. ఇప్పుడు దానికో పేపరు వచ్చింది, యూనిట్లు వచ్చాయి, బజార్లో గైడ్లూ వచ్చాయి. రావడం మంచిదే. కానీ ఆ పేపర్లో మొదటి తరగతి మార్కులు తెచ్చుకున్న కుర్రాణ్ణి, ‘నీ లైబ్రరీలో ఒక అమ్మాయి ఏ పుస్తకాలు తీసుకెళ్తోందో వాళ్ల నాన్న వచ్చి అడిగితే ఏం చేస్తావు నాయనా?’ అని అడిగితే, ‘కంప్యూటర్లో ఉంటుంది కదండీ, చూసి చెబుతాను’ అన్నాడు. నా బాధంతా ఆ జవాబులోనే ఉంది.

ఈ చదువు తెలుగు నేలకు కొత్త కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకట రమణయ్యగారు 1920లోనే గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లకు శిక్షణ తరగతులు పెట్టించారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో లైబ్రరీ సైన్స్ డిప్లొమా మొదలుపెట్టింది. అదే ఏడాది పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి, కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా ఒడ్డు పొడుగునా ఊళ్లకు పంపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్న మాట వాళ్లు చర్చాగోష్ఠిలో చెప్పి ఊరుకోలేదు, పడవ కట్టి చూపించారు. ఆ పరంపరలో చదువుకున్నవాణ్ణి కనుకనే నాకింత కోపం.

మా చదువు చేతులతో సాగేది. 12.5 సెంటీమీటర్ల పొడవూ 7.5 సెంటీమీటర్ల వెడల్పూ ఉన్న కేటలాగు కార్డు మీద ఒక్క కామా తప్పు పడినా మాస్టారు కార్డు చింపి మళ్లీ రాయమనేవారు. అప్పట్లో చాదస్తం అనిపించేది, ఎందుకో తర్వాత తెలిసింది. చలం పుస్తకం కోసం వచ్చినవాడు ‘చలం’ అనే వెతుకుతాడు, ‘గుడిపాటి వెంకటాచలం’ అని వెతకడు. శ్రీశ్రీని ఒకరు శ్రీశ్రీగా వెతుకుతారు, మరొకరు శ్రీరంగం శ్రీనివాసరావుగా వెతుకుతారు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి అని ఎంతమందికి తెలుసు? తిక్కనకు ఇంటిపేరు పెట్టి వెతికేవాడు ఎవడుంటాడు? అందుకే ఒక పేరు కింద అసలు కార్డు, మిగతా పేర్ల కింద ‘చూడుము’ కార్డులు రాసేవాళ్లం. ఎవరు ఏ పేరుతో వచ్చినా పుస్తకం దగ్గరికే దారి చూపాలి. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి కాలం ఆదా చెయ్యమంటుంది. ‘చూడుము’ కార్డు రాయకపోవడం ఆ సూత్రం ప్రకారం పాఠకుడికి చేసే అన్యాయం. నీతిని మేం అలా నేర్చుకున్నాం.

ఇప్పుడో? తెలుగు పుస్తకాలను లక్షల పేజీల లెక్కన స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి చూడండి. ఎంత గొప్ప ప్రయత్నం! కానీ పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పులతడకగా ఎక్కించారు. రచయిత పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా. పుస్తకం అక్కడే ఉన్నా, పేరు తప్పుగా ఉంటే దొరకనట్టే లెక్క. ఏ జీతమూ లేని తెలుగు వికీపీడియా ఔత్సాహికులు కూర్చుని తెలుగులో జాబితాలు తయారుచేస్తే గానీ వాటిలో ఎన్నో మనవాళ్ల కంటపడలేదు. తర్వాత ఆ వెబ్‌సైటే మూతపడింది. ఇతరులు దించి దాచిపెట్టిన ప్రతులే ఇవాళ మనకు దిక్కు. అంత డబ్బు ఖర్చుపెట్టినప్పుడు, ప్రతి భాషకూ నలుగురు మంచి కేటలాగర్లను కూర్చోబెట్టాలని ఎవరికీ తోచలేదా?

ఇక పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి సంగతి. మా రోజుల్లో ఎక్కువచోట్ల బ్రౌన్ పద్ధతి ఉండేది. నీనా బ్రౌన్ అనే అమెరికన్ లైబ్రేరియన్ 1890ల్లో రూపొందించిన పద్ధతి అది. సభ్యుడి దగ్గర చిన్న జేబులాంటి టికెట్లు ఉంటాయి. పుస్తకంలో ఒక కార్డు ఉంటుంది. పుస్తకం ఇచ్చేటప్పుడు ఆ కార్డు తీసి టికెట్లో దూర్చి, గడువు తేదీ ప్రకారం ట్రేలో పేర్చేవాళ్లం. పుస్తకం తిరిగిరాగానే కార్డు పుస్తకంలోకి పోతుంది, టికెట్ సభ్యుడి చేతికి పోతుంది. ఇక ఆ మనిషికీ ఆ పుస్తకానికీ మధ్య జరిగినదానికి లైబ్రరీలో ఏ ఆనవాలూ ఉండదు. ‘బ్రౌన్ పద్ధతి లోపాలు రాయుము’ అని పరీక్షలో అడిగితే, ‘పుస్తకాన్ని ఇంతకు ముందు ఎవరు తీసుకెళ్లారో తెలియదు’ అని మేమంతా రాసేవాళ్లం. ఆ ‘లోపం’ ఎంత గొప్ప గుణమో ఈ కంప్యూటర్లు వచ్చాకే తెలిసింది.

చలం పుస్తకాలు ఇంట్లో కనిపిస్తే గొడవలయ్యే రోజులవి. ‘మైదానం’ అట్టకు న్యూస్‌పేపరు చుట్టుకుని తీసుకెళ్లిన ఆడపిల్లలు నాకు తెలుసు. ఒకసారి ఒక పెద్దమనిషి కౌంటరు దగ్గరికి వచ్చి, మా అన్న కూతురు ఇక్కడ ఏం చదువుతోందో చెప్పండి అని గట్టిగా నిలదీశాడు. మా గురువుగారు కూర్చోమని మర్యాద చేసి, ‘అది మీరు అమ్మాయినే అడగాలండీ, నేను చెప్పకూడదు’ అన్నారు. ఆయన ఎంత గద్దించినా అదే మాట. ఆ తర్వాత మాతో, ‘డాక్టరు రోగి సంగతి బయటపెట్టడు, వకీలు కక్షిదారు సంగతి బయటపెట్టడు, మనమూ అంతే’ అన్నారు. అంతకు మించిన పాఠం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఇఫ్లా 2012లో తెచ్చిన నైతిక నియమావళిలో పాఠకుడి గోప్యత ఉంది. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పిచ్చింది. వీటికి ఎన్నో ఏళ్ల ముందే మా గురువుగారు ఆ పని చేసి చూపించారు.

ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఒక సభ్యుడు చేరిన రోజు నుంచి తీసుకెళ్లిన ప్రతి పుస్తకం చిట్టా ఉంటుంది. చెరిపెయ్యాలంటే చెరపవచ్చు, ఆ సదుపాయం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. చెరిపేవాళ్లే లేరు. ఈ-జర్నళ్లకు లాగిన్ అయితే ఎవరు ఏ వ్యాసం తెరిచారో ప్రచురణ సంస్థ సర్వర్లో నమోదవుతుంది. పెద్ద ప్రచురణ సంస్థలు ఇప్పుడు తాము ప్రచురణకర్తలమని చెప్పుకోవడం తగ్గించి, ఎనలిటిక్స్ సంస్థలమని చెప్పుకుంటున్నాయి. చందా ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు, మా పాఠకుల వివరాలు మీ దగ్గర ఎన్నాళ్లుంటాయి, ఎవరికి ఇస్తారు అని అడిగే లైబ్రేరియన్ ఎంతమంది? అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో 2005లో ఎఫ్‌బీఐ లైబ్రరీ కంప్యూటర్ వాడినవారి వివరాలు కావాలని లేఖ ఇస్తే, నలుగురు లైబ్రేరియన్లు ఇవ్వం అని కోర్టుకెళ్లారు. ఆ సంగతి బయట నోరెత్తకూడదని ఆంక్ష పెట్టినా తగ్గలేదు. మరుసటి ఏడాది ప్రభుత్వమే ఆ లేఖను వెనక్కి తీసుకుంది. ఇది మన పిల్లలు సిలబస్‌లో చదువుతారు, పరీక్షలో రాస్తారు. మర్నాడు కౌంటర్లో కూర్చున్నప్పుడు మాత్రం ఆ నలుగురూ గుర్తుకు రారు.

క్లాసులో వాదనలూ పోయాయి. రాబర్ట్ హాప్ట్‌మన్ అనే లైబ్రరీ సైన్స్ విద్యార్థి 1970ల్లో 13 లైబ్రరీలకు వెళ్లి, ఇల్లు పేల్చడానికి సరిపోయే బాంబు తయారీ వివరాలు కావాలని అడిగాడు. ఇది తప్పు, నేనివ్వను అని నీతి పేరుతో కాదన్నవాళ్లు ఒక్కరూ లేరు. 1976లో ఆయన ఆ సంగతి రాస్తే వృత్తి అంతా కదిలిపోయింది. అడిగినదల్లా ఇవ్వడమే మా ధర్మమా? అడిగేవాడి ఉద్దేశం చూడాలా? చూస్తే, రేపు ఎవడి చేతిలో ఏ పుస్తకం ఉండాలో మనమే తేల్చేస్తామా? నేను పాఠం చెప్పే రోజుల్లో దీని మీద మధ్యాహ్నమంతా తగువులాడుకునేవారు పిల్లలు, టీ కూడా మర్చిపోయి. ఇప్పుడు దీనికీ అయిదు పాయింట్ల జవాబు దొరుకుతోంది.

అధ్యాపకుల సంగతికి వస్తే నా మనసు ఇంకా కష్టపడుతుంది. మా రోజుల్లో ఒక వ్యాసం పంపితే రిఫరీ నుంచి ఎర్ర సిరా గీతలతో ఉత్తరం వచ్చేది. ఆరు నెలలు కూర్చుని తిరగరాసేవాళ్లం. ఉద్యోగ జీవితం మొత్తంలో పది మంచి వ్యాసాలు రాసినవాణ్ణి పండితుడనేవాళ్లం. 2010లో యూజీసీ పాయింట్ల పద్ధతి పెట్టాక ప్రతి వ్యాసానికీ ఒక లెక్క, ప్రతి లెక్కకూ ఒక ప్రమోషన్. డబ్బు కట్టించుకుని వారంలో అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2018 మే నెలలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి ఒక్కసారే 4,305 పత్రికలను తీసేసింది. అంటే అంతకు ముందు ఆ 4,305 పత్రికలకూ ఆమోదముద్ర ఉన్నట్టేగా! ఆ తర్వాత మంచి పత్రికలను ఎంచిన యూజీసీ-కేర్ జాబితా వచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేశారు. ఏది మంచి పత్రికో తేల్చుకునే భారం మళ్లీ విశ్వవిద్యాలయాలదే అయింది.

ఇలాంటి దొంగ పత్రికలకు ‘ప్రిడేటరీ’ అని పేరుపెట్టి, జాబితా తయారుచేసి ప్రపంచాన్ని హెచ్చరించింది ఎవరో తెలుసా? జెఫ్రీ బీల్. ఆయన అప్పట్లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్. మంత్రో, వైస్ చాన్సలరో కాదు, లైబ్రేరియన్! 2017 జనవరిలో ఆ జాబితా ఆగిపోయింది కానీ ఆ పని మన వృత్తిదేనని ఆయన నిరూపించాడు. అదే వృత్తిలో ఉన్న మన అధ్యాపకులే ప్రమోషన్ కోసం అలాంటి పత్రికలకు డబ్బు కట్టడం చూస్తే, సమాచార నీతి గురించి పిల్లలకు ఏ ముఖంతో చెబుతారని అడగాలనిపిస్తుంది.

అలాగే ఈ శాతాల పిచ్చి. 2018లో యూజీసీ గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపుంటే దండన లేదు, 60 శాతం దాటితే పరిశోధకుడి రిజిస్ట్రేషన్ రద్దు. నిబంధన అవసరమే. కానీ లైబ్రేరియన్ ఇప్పుడు థీసిస్‌ను సాఫ్ట్‌వేర్‌లో వేసి, శాతం చూసి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే మనిషయ్యాడు. ‘తొమ్మిది శాతమే వచ్చింది సార్’ అని పరిశోధకుడు సంబరపడతాడు. ఇంకొకరి ఆలోచనను మాటలు మార్చి రాసుకుంటే యంత్రానికి తెలియదు. ఇంగ్లీషు పుస్తకంలో ఒక అధ్యాయాన్ని తెలుగులోకి దించుకుంటే సాధారణంగా దానికి పట్టదు. చదివిన మనిషికి మాత్రం తెలుస్తుంది. థీసిస్ చదివే మనిషే లేనప్పుడు ఆ శాతం ఎవరి నిజాయితీని కొలుస్తోంది?

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. రిఫరెన్స్ డెస్కు దగ్గరికి పిల్లలు జాబితాలు పట్టుకొస్తున్నారు. రచయిత పేరుంటుంది, పత్రిక పేరుంటుంది, సంపుటం, పేజీ నంబర్లూ ఉంటాయి. వెతికితే అలాంటి వ్యాసమే లేదు, యంత్రం కల్పించింది. మా రోజుల్లో ప్రతి ఆధారాన్నీ మూల ప్రతి తీసి, పేజీ తిప్పి చూశాకే కార్డు మీద రాసుకోనిచ్చేవారు. ‘నువ్వు చూశావా?’ అన్నదే మా మాస్టారి మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న ఇవాళ ప్రతి క్లాసులో వినిపించాలి.

కొత్తదంతా చెడ్డదని నేననను. శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో థీసిస్‌లు ఎక్కాక, ఏ మారుమూల పిల్లైనా ఫోన్లో చదువుకోగలుగుతోంది. మేం అదే థీసిస్ కోసం రైలెక్కి వెళ్లేవాళ్లం. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. సాధనాలు మాకంటే మీకు నూరు రెట్లు ఎక్కువ. పాఠకుడి పట్ల, నిజం పట్ల మాకున్న పట్టింపు మాత్రం మీలో కనబడటం లేదు. పల్లెటూరి శాఖా గ్రంథాలయానికేమో ఆ సాధనాలూ లేవు. ఇంటిపన్నుతోపాటు వసూలుచేసే గ్రంథాలయ సెస్సు బకాయిలు పడి, ఖాళీ పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాక, తలుపు తీసే మనిషి లేని ఊళ్లు ఎన్నో.

లైబ్రరీ సైన్స్ చెప్పే అధ్యాపకులకు ఒక్క మాట. మీ లైబ్రరీలో పుస్తకం తిరిగి రాగానే సభ్యుడి చిట్టా చెరిపెయ్యండి. చదవని థీసిస్ మీద సంతకం పెట్టకండి. డబ్బు కట్టి అచ్చువేయించుకున్న వ్యాసాన్ని ప్రమోషన్ ఫైల్లో పెట్టకండి. ఏ విద్యార్థి ఏ ఆధారం తెచ్చినా ‘నువ్వు చూశావా?’ అని అడగండి. పాఠకులకూ ఒక విన్నపం. మీ వివరాలు ఎక్కడ దాస్తున్నారని మీ ఊరి లైబ్రేరియన్‌ను అడగండి, మీ సెస్సు ఏమైందని మీ మున్సిపాలిటీని నిలదీయండి. అడిగేవాళ్లున్నంత కాలమే ఈ వృత్తి నిలబడుతుంది.