గుమ్మంలో ఆగిన కార్టూన్

మార్క్ ఫియోరి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే రాజకీయ కార్టూనిస్టు. ఆయన కార్టూన్లు కదులుతాయి, మాట్లాడతాయి. అందుకే అచ్చులో కాక ఇంటర్నెట్‌లోనే వస్తాయి. జనం ఫోన్లలో వార్తలు చూడటం మొదలుపెట్టాక ఆయన కూడా ‘న్యూస్‌టూన్స్’ పేరుతో ఒక యాప్ సిద్ధం చేసుకుని, 2009 చివర్లో ఆపిల్ వారి యాప్ స్టోర్‌కు పంపాడు.

పంపినంత మాత్రాన యాప్ జనం చేతికి రాదు. ఆపిల్ ఉద్యోగులు దాన్ని తెరిచి చూసి సరేననాలి. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అడిగినప్పుడు, ఆ ఏడాది ఆగస్టులో ఆపిల్ చెప్పిన లెక్క ఇది: కొత్తవీ, మార్పులు చేసినవీ కలిపి వారానికి సుమారు 8,500 యాప్‌లు వస్తాయి. చూసేవాళ్లు 40 మందికి పైచిలుకు. ఒక్కో యాప్‌ను కనీసం ఇద్దరు చూస్తారు. వారానికి ఐదు రోజుల పని అనుకుంటే తలకు రోజుకు 80 దాకా పడతాయి.

ఈ పరీక్ష దాటే, అదే ఏడాది ఏప్రిల్‌లో ‘బేబీ షేకర్’ అమ్మకానికి వచ్చింది. ఫోన్‌లో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటుంది. ఏడుపు ఆగేదాకా ఫోన్‌ను కుదపాలి. ఆగాక బిడ్డ కళ్ల మీద రెండు ఎర్రటి ఇంటూ గుర్తులు పడతాయి. పసిపిల్లల్ని అలా కుదిపితే మెదడు దెబ్బతింటుంది, ప్రాణాలే పోవచ్చు. అలా దెబ్బతిన్న పిల్లల తరఫున పనిచేసేవాళ్లు మండిపడ్డాక ఆపిల్ ఆ యాప్‌ను తీసేసి క్షమాపణ చెప్పింది.

దాన్ని లోపలికి పోనిచ్చిన స్టోరే ఫియోరిని గుమ్మంలో ఆపింది. మీ యాప్ ప్రముఖుల్ని ఎగతాళి చేస్తోంది, యాప్ తయారీదార్లతో చేసుకునే ఒప్పందంలోని 3.3.14 సెక్షన్ ప్రకారం కుదరదని డిసెంబరులో మెయిల్ వచ్చింది. తప్పెక్కడుందో చూపించడానికి కొన్ని బొమ్మలు కూడా జతచేశారు. వాటిలో ఒకదాని వెనక కథ మనకూ తెలిసిందే. నవంబరులో అప్పటి మన ప్రధాని మన్మోహన్ సింగ్ గౌరవార్థం వైట్‌హౌస్‌లో ఇచ్చిన విందుకు పిలవకుండానే ఒక జంట దూరింది కదా, కార్టూన్‌లో ఆ చొరబాటుదార్లు ఒబామా ప్రసంగానికి అడ్డుపడుతుంటారు.

ప్రముఖుల్ని ఎగతాళి చేయకపోతే అది రాజకీయ కార్టూనే కాదు. పొద్దున్నే పేపరు చేతికి రాగానే పాకెట్ కార్టూన్ వెతుక్కునే మనవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అధికారంలో ఉన్నవాళ్లను చూసి నవ్వే హక్కు జనానిది. ఆ హక్కును ఒక దుకాణం ఉద్యోగి, ఆ రోజు చూడాల్సిన ఎనభైలో ఒకటిగా తేల్చి పక్కన పెట్టేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఫియోరి యాప్‌ను మళ్లీ పంపలేదు. తన పని తాను చేసుకుపోయాడు.

2010 ఏప్రిల్ 12న, అమెరికాలో పత్రికా రచనకు ఇచ్చే పులిట్జర్ బహుమతులు ప్రకటించారు. కార్టూన్ల విభాగంలో బహుమతి ఫియోరిది. ఇంటర్నెట్‌లో మాత్రమే వచ్చే కార్టూన్లకు పులిట్జర్ దక్కడం అదే మొదటిసారి. ఆ వెంటనే, ఆయన యాప్‌ను ఆపిల్ కాదన్న సంగతి పత్రికలకెక్కింది. అంతే, ఆపిల్ నుంచి ఫోన్ వచ్చింది: యాప్ మళ్లీ పంపండి. మెయిల్ పెట్టి అడిగిన ఒకరికి ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ స్వయంగా జవాబిచ్చాడు, అది పొరపాటు, సరిదిద్దుతున్నామని. నెల తిరక్కుండానే న్యూస్‌టూన్స్ స్టోర్‌లో ఉంది.

ఫియోరి పొంగిపోలేదు. నాకంటే మంచి యాప్ చేసి, పులిట్జర్ రానివాడి గతేమిటని అడిగాడు. ఈ మొత్తం వ్యవహారంలో అడగాల్సిన ప్రశ్న అదే.

ఆ సెప్టెంబరులో ఆపిల్ తన యాప్ పరిశీలన నియమావళిని మొట్టమొదటిసారి అందరి ముందూ పెట్టింది. అందులో రాజకీయ వ్యంగ్యానికి మినహాయింపు ఇచ్చారు, అదే వృత్తిగా బతికేవాళ్లకు మాత్రమే. యాప్‌ను కాదంటే అప్పీలు చేసుకోవడానికి ఒక బోర్డు ఉందన్నారు. ఆ వెంటనే ఇంకో మాట కూడా రాశారు: పేపర్లకెక్కి మమ్మల్ని దుమ్మెత్తిపోస్తే ఏనాడూ పని జరగదు.